కాలువకు తిరిగివచ్చిన తీరువా

ప్రవేశిక

పన్ను లేని రాజ్యం లేదు. పండిన పంటలో ఆరవ వంతు రాజభాగమని ప్రాచీన ధర్మశాస్త్రాలు నిర్ణయించాయి. రఘువంశ కావ్యంలో కాళిదాసు, దిలీప మహారాజు పన్ను తీసుకొన్న తీరును, సూర్యుడు భూమి నుండి నీటిని గ్రహించి వర్షరూపంలో తిరిగి ఇచ్చే తీరుతో పోల్చాడు. పన్నును గురించి భారతీయ సాహిత్యంలో ఇంతకంటె ప్రసిద్ధమైన ఉపమానం లేదనవచ్చు. అయితే ఆ ఉపమానంలోనే ఒక ప్రశ్న కూడా దాగి ఉంది. గ్రహించిన నీరు వర్షమై కురవకపోతే, లేదా ఒకచోట గ్రహించి మరొకచోట కురిస్తే, ఇచ్చినవాడు ఏమి చేయాలి?

ఈ ప్రశ్నకు ఆంధ్రదేశపు రైతాంగం రెండు శతాబ్దాలుగా పలు విధాల సమాధానం వెదికింది. కొందరు అప్పుచేసి చెల్లించారు. కొందరు మినహాయింపు కోరారు. కొందరు బకాయిపడి బాధలు అనుభవించారు. కొందరు చెల్లించబోమని ఎదురు నిలిచారు. చివరకు, చెల్లించిన పన్నులో కొంత భాగం తమ కాలువకే తిరిగివచ్చే ఏర్పాటును కూడా వారు చూశారు. నెల్లూరు సీమలోని సంగం వద్ద పెన్నానదికి కట్టిన ఆనకట్టను, దాని నీటికి చెల్లించే తీరువాను ఆధారంగా చేసుకొని ఆ చరిత్రను పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం.

1. సంగం – పెన్న నీరు

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో సంగం ఒక మండల కేంద్రం. నెల్లూరు నగరానికి ఎగువన, పెన్నానదీతీరంలో ఉన్న ఈ ఊరికి నదీసంగమం వల్లనే ఆ పేరు వచ్చింది. ఇక్కడి సంగమేశ్వరాలయం ప్రసిద్ధమైనది. పెన్న ఏడాది పొడవునా పారే నది కాదు. వరద వచ్చినప్పుడు ఒడ్డులు ఒరుసుకొని పారుతుంది. వేసవిలో ఇసుకమేటలే కనిపిస్తాయి. అందువల్ల ఆ నీటిని నిలిపి మళ్ళించనిదే నెల్లూరు సీమలో మాగాణి లేదు.

పెన్నపై నెల్లూరు వద్ద 1850ల దశకంలో ఒక ఆనకట్ట కట్టారు. 1876-78 నాటి మహాక్షామం మద్రాసు రాజధానిని అతలాకుతలం చేసిన తరువాత, 1880ల దశకంలో సంగం వద్ద రెండవ ఆనకట్ట వెలసింది. దాని నుండి బయలుదేరిన కాలువ బుచ్చిరెడ్డిపాలెం ప్రాంతంలోని కనిగిరి జలాశయాన్ని నింపి దిగువ భూములను తడిపింది. స్వాతంత్ర్యానంతరం ఎగువన 78 టి.ఎం.సి. నిల్వ సామర్థ్యంతో సోమశిల జలాశయం నిర్మితమైంది. పాత ఆనకట్ట శిథిలం కాగా, దానికి బదులుగా నిర్మించిన కొత్త బ్యారేజి 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది. పెన్నా డెల్టా, కావలి కాలువ, కనుపూరు కాలువ కలిపి 3.85 లక్షల ఎకరాల ఆయకట్టుకు నీరందించడం ఈ బ్యారేజి లక్ష్యం.

ఈ సీమలో సేద్యపు కాలం కూడా విశిష్టమైనది. ఈశాన్య ఋతుపవనాల మీద ఆధారపడిన ప్రాంతం కావడంతో ప్రధానమైన వరిపంట శరత్కాలంలో మొదలై సంక్రాంతి దాటిన తరువాత కోతకు వస్తుంది. నీరు మిగిలితే ఆపైన ‘ఎడగారు’ పేరుతో రెండవ పంట వేస్తారు. ధాన్యాన్ని నేటికీ పుట్లలో లెక్కిస్తారు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ఏ నెలలో నీరు విడుదలవుతుంది, ఎన్ని తడులు వస్తాయి, ఎడగారుకు నీరు ఉన్నదా లేదా అన్న లెక్కల మీదనే ఇక్కడి కుటుంబాల జమాఖర్చులు నడుస్తాయి. ఆ జమాఖర్చులలో ఒక పద్దు నీటి తీరువా.

2. శిస్తు, కిస్తీ, వజా

1801లో కర్ణాటక నవాబు నుండి నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీ పాలన క్రిందికి వచ్చింది. 1820లో మద్రాసు గవర్నరు అయిన సర్ థామస్ మన్రో కాలంలో రైత్వారీ పద్ధతి రాజధానిలో స్థిరపడింది. ఈ పద్ధతిలో ప్రభుత్వానికి, పట్టాదారుకు నడుమ జమీందారు ఉండడు. భూమికి మెట్ట, మాగాణి అనే తరగతులు ఏర్పరచి, ఎకరానికి ఇంతని శిస్తు నిర్ణయించి, ప్రతి రైతు నుండి నేరుగా వసూలు చేసేవారు. మాగాణి శిస్తులో నేల విలువతో పాటు సర్కారు నీటి విలువ కూడా కలిసి ఉండేది. మెట్టగా నమోదైన భూమికి సర్కారు నీరు పారిస్తే వేరుగా నీటి సుంకం విధించడానికి 1865లో ఒక చట్టం చేశారు.

శిస్తును ఒకేసారి కాక వాయిదాలలో చెల్లించేవారు. ఆ వాయిదాయే కిస్తీ. పన్ను లెక్కకు వాడే సంవత్సరాన్ని ఫసలీ అంటారు. అది జూలై 1న మొదలై మరుసటి జూన్ 30న ముగుస్తుంది. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో కరణం అడంగలులో వ్రాసేవాడు. మునసబు వసూలు చేసేవాడు. ఏడాదికొకసారి పై అధికారి గ్రామ లెక్కలు తనిఖీచేసి, ఎవరెంత చెల్లించాలో, ఎవరికెంత తగ్గించాలో తేల్చేవాడు. దానిని జమాబందీ అన్నారు.

రైతుకు జమాబందీలో అన్నిటికంటె ముఖ్యమైనది వజా, అంటే మినహాయింపు. చెరువు ఎండి, కాలువ రాక మాగాణి పంట పోతే శిస్తు తగ్గించడం ఆనవాయితీ. సర్కారు నీటికి ధర తీసుకొన్నది కనుక, నీరు ఇవ్వలేనప్పుడు ఆ ధర అడగరాదన్నది దాని వెనుక ఉన్న న్యాయం. మెట్టభూమికి మాత్రం ఇటువంటి వెసులుబాటు చాల అరుదు. మెట్ట శిస్తును మంచి ఏళ్ళు, చెడ్డ ఏళ్ళు కలిపి సరాసరిగా నిర్ణయించినందువల్ల, మంచి ఏట దాచుకొన్నది చెడ్డ ఏట చెల్లించాలని ప్రభుత్వం వాదించేది. దాచుకోవడానికి మంచి ఏట ఏమి మిగిలిందన్నది రైతు ప్రశ్న.

కిస్తీ గడువు మరొక చిక్కు. పంట కళ్ళంలో ఉండగానే గడువు ముంచుకొనివచ్చేది. అందరూ ఒకేసారి అమ్మకానికి దిగడంతో ధర పడిపోయేది. ధర వచ్చేదాకా ఆగాలంటే సాహుకారు వద్ద అప్పుచేసి కిస్తీ కట్టాలి. ఆ విధంగా సర్కారు బాకీ తీరి సాహుకారు బాకీ మిగిలేది. పన్నుకంటె దాని గడువు రైతును ఎక్కువగా పీడించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

3. బకాయిపడినవాని బాధలు

బకాయిని వసూలు చేసే తీరులో పందొమ్మిదవ శతాబ్ది పూర్వభాగం ఒక చీకటి అధ్యాయం. శిస్తు కట్టలేని రైతును ఎండలో నిలబెట్టడం, వంగదీసి కట్టివేయడం, వ్రేళ్ళను కొయ్య పనిముట్టుతో నొక్కడం వంటి హింసలు మద్రాసు రాజధానిలో సాగాయి. ఆ కొయ్య పనిముట్టును కిట్టి అని, తెలుగు ప్రాంతాలలో చిరత అని పిలిచేవారు. ఈ పనులు చేసినవారు క్రింది తరగతి ఉద్యోగులు. పై అధికారులకు కావలసినది వసూలు అంకె.

ఈ అన్యాయాన్ని బయటపెట్టిన వారిలో మద్రాసు తెలుగువాడైన గాజుల లక్ష్మీనరసుచెట్టి అగ్రగణ్యుడు. ఆయన 1844లో ‘క్రెసెంట్’ పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. బ్రిటిష్ పార్లమెంటుకు వినతిపత్రాలు పంపాడు. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమర్ 1853లో మద్రాసు రాజధానికి రాగా, ఆయనకు రైతుల దుస్థితిని చూపించాడు. 1854లో పార్లమెంటులో చర్చ జరిగింది. విచారణకు ఒక సంఘాన్ని నియమించారు. పన్ను వసూలులో హింస జరుగుతున్న మాట నిజమేనని 1855లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది.

తరువాత 1864లో రెవెన్యూ వసూళ్ళ చట్టం వచ్చింది. బకాయికి చరాస్తిని జప్తు చేయడం, భూమిని వేలం వేయడం వంటి చర్యలకు ఈ చట్టం వ్రాతపూర్వకమైన పద్ధతిని నిర్దేశించింది. దండన పోలేదు, కానీ దానికి ఒక హద్దు ఏర్పడింది. బకాయిదారుకు కూడా హక్కులు ఉంటాయన్న భావన ఆ విధంగా చట్టంలో ప్రవేశించింది. నేడు మామూలుగా కనిపించే ‘ముందుగా నోటీసు ఇవ్వాలి’ అనే నియమం వెనుక ఎందరో పేరు తెలియని రైతుల బాధ ఉన్నది.

4. చెల్లించక నిలిచినవారు

పన్ను భారమైనప్పుడు సహించడం ఒక మార్గం. ధిక్కరించడం మరొక మార్గం. సహాయ నిరాకరణోద్యమ కాలంలో ఆంధ్రదేశం ఈ రెండవ మార్గాన్ని చూపింది. చీరాల, పేరాల గ్రామాలను పురపాలక సంఘంగా మార్చి పన్నులు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు 1921లో ఊరు విడిచి, రామనగరం పేరుతో పాకలు వేసుకొని నెలల తరబడి నివసించారు. పల్నాడులో అటవీ భూములలో పశువులను మేపినందుకు విధించిన పుల్లరికి ఎదురుతిరిగిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో మరణించాడు. గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతంలో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వంలో రైతులు భూమిశిస్తు కట్టడం మానివేశారు. గ్రామోద్యోగులు రాజీనామాలు చేశారు. జప్తు చేసిన వస్తువులను వేలంలో కొనేవారు కరవయ్యారు. 1922 ఫిబ్రవరిలో గాంధీజీ దేశవ్యాప్తంగా ఉద్యమాన్ని నిలిపివేయడంతో అది ఆగిపోయింది.

స్వరాజ్యం వచ్చిన తరువాత ఈ వివాదం రచ్చబండ నుండి న్యాయస్థానానికి చేరింది. 1962లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమిశిస్తును పెంచుతూ ఒక చట్టం చేసింది. మాగాణికి నేల సారాన్ని బట్టి కాక, నీటివనరు క్రింద ఎంత ఆయకట్టు ఉన్నదన్న దానిని బట్టి కనీస రేటు నిర్ణయించడం అందులోని ముఖ్యాంశం. ఒకే కాలువ క్రింద సారవంతమైన నేలకు, చవిటినేలకు ఒకే రేటు పడేది. ఇది సమానత్వానికి విరుద్ధమని 1967లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని త్రోసిపుచ్చింది. అసమానులను సమానంగా చూడడం కూడా అన్యాయమే అన్న సూత్రం ఆ తీర్పులో స్పష్టమైంది.

5. తిరిగివచ్చిన తీరువా

1984 జనవరిలో వంశపారంపర్య కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. 1988లో నీటి తీరువా చట్టం వచ్చింది. భూమిని బట్టి కాక, సర్కారు నీటితో పండించిన పంటను బట్టి తీరువా విధించడం దాని స్వభావం. ఎకరా వరికి మొదట్లో 60 రూపాయలుగా ఉన్న తీరువా, 1990ల చివరి భాగంలో జరిగిన సవరణతో భారీ, మధ్యతరహా కాలువల క్రింద మొదటి పంటకు 200 రూపాయలు, రెండవ పంటకు 150 రూపాయలు అయింది. ఒక్కసారిగా మూడు రెట్లకు మించిన పెంపు అది. దానిని రైతులు ఒప్పుకోవాలంటే ప్రభుత్వం ప్రతిగా ఏదో ఒకటి ఇవ్వాలి.

ఆ ప్రతిఫలమే 1997 నాటి సాగునీటి వ్యవస్థల నిర్వహణలో రైతుల భాగస్వామ్య చట్టం. దీని ప్రకారం కాలువల నిర్వహణను రైతులు ఎన్నుకొన్న సంఘాలకు అప్పగించారు. 1997 జూన్‌లో రాష్ట్రమంతటా ఎన్నికలు జరిగి 10,292 నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. వాటిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ప్రాజెక్టు కమిటీలు ఉంటాయి. వసూలైన తీరువా ప్రభుత్వ ఖజానాలో కలిసిపోక, వాటాల ప్రకారం ఈ సంఘాలకు తిరిగిరావాలి.

భారీ ప్రాజెక్టు క్రింద వాటాల లెక్క ఈ విధంగా ఉండేది. ఎకరాకు చెల్లించిన 200 రూపాయలలో 100 రూపాయలు నీటి వినియోగదారుల సంఘానికి, 40 రూపాయలు డిస్ట్రిబ్యూటరీ కమిటీకి, 40 రూపాయలు ప్రాజెక్టు కమిటీకి, 20 రూపాయలు గ్రామ పంచాయతీకి చెందుతాయి. చెరువుల వంటి చిన్న నీటి వనరుల క్రింద 90 శాతం సంఘానికి, 10 శాతం పంచాయతీకి పోతుంది. ఒక సంఘం క్రింద 2,000 ఎకరాలు ఉన్నదనుకొంటే, మొదటి పంటకు రావలసిన తీరువా 4 లక్షల రూపాయలు. అందులో 2 లక్షలు ఆ సంఘం చేతికే తిరిగివస్తుంది. ఐదెకరాల రైతు చెల్లించిన 1,000 రూపాయలలో 500 రూపాయలు అతని పొలం దగ్గరి కాలువకు చేరుతాయి.

ఈ సొమ్ముతో ఏమి చేస్తారు? కాలువలో పేరుకొన్న పూడిక తీస్తారు. నీటిదారిని మూసివేసే గుర్రపుడెక్కను, తూటికాడను తొలగిస్తారు. గండిపడిన కట్టలను పూడుస్తారు. విరిగిన తూము తలుపులను బాగుచేస్తారు. వినడానికి ఇవి చిన్న పనులే. కానీ మూరెడు పూడిక ఉన్న పిల్లకాలువలో ఎగువ పొలానికి పారిన నీరు దిగువ పొలానికి చేరదు. నారుమడి పోసిన రైతుకు ఒక తడి పదిరోజులు ఆలస్యమైతే ఆ నష్టం తీరువాకు ఎన్నో రెట్లు ఉంటుంది. కాలువలో పూడిక తీయడానికి పెట్టిన రూపాయి, పొలంలో పంటగా తిరిగివస్తుంది.

ఈ ఏర్పాటు పూర్తిగా కొత్తది కాదు. పూర్వం ఊరివారంతా కలిసి చెరువుకట్టకు మట్టి వేయడం, కాలువ తవ్వడం ‘కుడిమరామత్తు’ పేరుతో దక్షిణదేశమంతటా ఉండేది. ఆంగ్ల ప్రభుత్వం మరమ్మతులను తన శాఖల చేతికి తీసుకొన్న తరువాత ఆ ఆచారం సన్నగిల్లింది. దానిని నిలబెట్టడానికి 1858లో నిర్బంధ శ్రమ చట్టం చేయవలసి వచ్చింది. ఇష్టపూర్వకంగా చేసిన పని చట్టం బలవంతంతో జరగదు. పూర్వం శ్రమరూపంలో నేరుగా కాలువకు చేరినది, 1997 తరువాత ధనరూపంలో ఖజానా గుండా చుట్టుతిరిగి కాలువకు చేరాలన్నది సంస్కర్తల ఆశయం.

6. శివారు రైతు ప్రశ్న

ఆశయం ఎంత గొప్పదైనా ఆచరణలో చిక్కులు తప్పలేదు. సంఘానికి వాటా రావాలంటే ముందు తీరువా వసూలు కావాలి. సాగు లెక్కలు రెవెన్యూ శాఖవి. కాలువ లెక్కలు నీటిపారుదల శాఖవి. రెండు లెక్కలు సరిపోలితే గాని సొమ్ము సంఘానికి జమకాదు. ఈ జాప్యం వల్ల పూడిక తీయవలసిన వేసవి గడిచిపోయి, నీరు విడుదలైన తరువాత సొమ్ము వచ్చే పరిస్థితి ఏర్పడింది. నిండుగా పారుతున్న కాలువలో పూడిక తీయడం ఎవరి తరమూ కాదు.

అంతకంటె కష్టమైనది శివారు భూముల సమస్య. కాలువ మొదట్లో ఉన్న పొలానికి నీరు ముందుగా, సమృద్ధిగా అందుతుంది. చివరి పొలానికి ఆలస్యంగా, అరకొరగా అందుతుంది. ఇద్దరికీ తీరువా రేటు ఒక్కటే. ‘నీరు రానిదే తీరువా ఎందుకు కట్టాలి?’ అని శివారు రైతు అడుగుతాడు. ‘తీరువా కట్టనిదే కాలువ ఎలా బాగవుతుంది?’ అని సంఘం అడుగుతుంది. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. కాలువ బాగులేక నీరు రాదు. నీరు రాక తీరువా కట్టరు. తీరువా రాక కాలువ బాగుపడదు. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. ముందుగా తెంచవలసిన బాధ్యత, ఎక్కువ నీరు పొందిన ఎగువ రైతుదే అని చెప్పడం సమంజసం. అతడు వంతు తప్పకుండా నీరు వదిలి, తన తీరువా సకాలంలో కడితే దిగువ రైతుకు చెల్లించడానికి కారణం ఏర్పడుతుంది.

మూడవ చిక్కు కౌలు రైతుది. చట్టం రికార్డులలో నమోదైన కౌలుదారును కూడా సంఘసభ్యునిగా గుర్తించింది. కానీ పల్లెలలో కౌలు ఒప్పందాలు చాలవరకు నోటిమాటగానే సాగుతాయి. పేరు రికార్డుకెక్కని కౌలుదారు దుక్కి దున్నుతాడు, తడికి కాపలా కాస్తాడు, అనేక సందర్భాలలో తీరువా భారం కూడా మోస్తాడు. సంఘం ఎన్నికలో మాత్రం అతనికి ఓటు లేదు. చెల్లించేవాడు ఒకడు, ఓటు వేసేవాడు మరొకడు అయినప్పుడు, సొమ్ము కాలువకు తిరిగివచ్చినా దాని ఖర్చును ప్రశ్నించే హక్కు అసలు సేద్యగానికి లేకుండాపోతుంది.

మధ్యలో చాలకాలం ఎన్నికలు లేక సంఘాలు నామమాత్రమైన దశ కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో నీటి వినియోగదారుల సంఘాలకు మళ్ళీ ఎన్నికలు జరిగాయి. సంగం వద్ద కొత్త బ్యారేజి నిలిచింది. గేట్లు కొత్తవైనంత మాత్రాన నీరు శివారుకు చేరదు. గేటు నుండి పొలం వరకు ఉన్న దూరాన్ని దాటించవలసినది పిల్లకాలువ. ఆ పిల్లకాలువను కాపాడవలసినది తీరువా, దానిని సక్రమంగా ఖర్చుచేసే సంఘం.

ముగింపు

అమెరికా వంటి దేశాలలో జీతం నుండి ముందుగా కోసుకొన్న ఆదాయపు పన్నులో ఎక్కువైన భాగం ఏటా కుటుంబాలకు తిరిగివస్తుంది. దానితో కొందరు అప్పులు తీరుస్తారు, కొందరు వాయిదావేసిన వైద్యమో వాహన మరమ్మతో చేయించుకొంటారు, కొందరు దాచుకొంటారు. మన దేశంలో కూడా ఉద్యోగులకు ఈ అనుభవం ఉంది. అక్కడ తిరిగివచ్చిన సొమ్ము ఒక ఇంటిది. దానిని ఎలా ఖర్చుచేయాలో ఆ ఇంటివారే నిర్ణయించుకొంటారు. నీటి తీరువా విషయం వేరు. అది ఇంటికి రాదు, కాలువకు వస్తుంది. పదిమంది కలిసి నిర్ణయించనిదే ఖర్చు కాదు. పదిమంది కన్నువేసి చూడనిదే సద్వినియోగం కాదు.

వజా కోరిన రైతు, చిరతకు వ్రేళ్ళు అప్పగించిన రైతు, శిస్తు నిరాకరించిన రైతు, శివారున నీటికై ఎదురుచూసే రైతు – వీరందరూ వేర్వేరు కాలాలలో అడిగినది ఒక్కటే: ఇచ్చినదానికి ప్రతిగా ఏమి వచ్చింది? పన్ను కట్టడం పౌరుని ధర్మమైతే, ఆ ప్రశ్న అడగడం పౌరుని హక్కు. సూర్యుడు గ్రహించిన నీరు వర్షమై కురియడం ప్రకృతి నియమం. ఖజానా గ్రహించిన ధనం తిరిగి కాలువలో నీరై పారడానికి మాత్రం మనుషుల పూనిక కావాలి.

పదాలు – అర్థాలు

శిస్తు : భూమిపన్ను
కిస్తీ : పన్ను చెల్లింపు వాయిదా
వజా : పన్నులో తగ్గింపు, మినహాయింపు
తీరువా : సర్కారు నీటికి చెల్లించే పన్ను
ఆయకట్టు : ఒక నీటివనరు క్రింద సాగయ్యే భూమి
అడంగలు : గ్రామంలోని పంటల వివరాల లెక్క
జప్తు : బాకీకై ఆస్తిని స్వాధీనం చేసుకోవడం
శివారు : కాలువ చివరి భాగం, పొలిమేర
పుల్లరి : పశువులను మేపినందుకు చెల్లించే పన్ను
పూనిక : ప్రయత్నం, పట్టుదల

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. రైత్వారీ పద్ధతిలో శిస్తు వసూలు జరిగిన తీరును, రైతులు ఎదుర్కొన్న ఇబ్బందులను వివరించండి.
2. 1997 చట్టం ద్వారా నీటి తీరువా కాలువకు తిరిగివచ్చే విధానాన్ని, ఆచరణలో ఎదురైన చిక్కులను చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు వ్రాయండి.
1. గాజుల లక్ష్మీనరసుచెట్టి రైతులకై చేసిన కృషి ఏమిటి?
2. 1962 నాటి శిస్తు చట్టాన్ని సుప్రీంకోర్టు ఎందుకు త్రోసిపుచ్చింది?
3. కుడిమరామత్తుకు, నీటి వినియోగదారుల సంఘాలకు గల సామ్యభేదాలను తెలపండి.

III. ఈ క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. దాచుకోవడానికి మంచి ఏట ఏమి మిగిలిందన్నది రైతు ప్రశ్న.
2. ఇష్టపూర్వకంగా చేసిన పని చట్టం బలవంతంతో జరగదు.
3. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే.

IV. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. నెల్లూరు పుట్టి ఎన్ని కిలోలు?
2. ఫసలీ సంవత్సరం ఏ తేదీన మొదలవుతుంది?
3. ‘ఎడగారు’ అంటే ఏమిటి?
4. పెదనందిపాడు పన్నుల నిరాకరణకు నాయకుడు ఎవరు?

V. సంధులు
సహాయ నిరాకరణోద్యమం – నిరాకరణ + ఉద్యమం – గుణసంధి
సంగమేశ్వరాలయం – సంగమేశ్వర + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
ముఖ్యాంశం – ముఖ్య + అంశం – సవర్ణదీర్ఘ సంధి

VI. సమాసాలు
నదీతీరం – నది యొక్క తీరం – షష్ఠీ తత్పురుష సమాసం
మహాక్షామం – గొప్పదైన క్షామం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
జమాఖర్చులు – జమయు, ఖర్చును – ద్వంద్వ సమాసం

VII. కృత్యం
మీ గ్రామంలో గాని, సమీప గ్రామంలో గాని ఒక కాలువ లేదా చెరువు క్రింద ఉన్న ఎగువ రైతును, శివారు రైతును కలిసి, నీరు అందే తీరును గురించి ఇద్దరి అభిప్రాయాలను సేకరించి నివేదిక వ్రాయండి.